ఏసమ్మ పక్క జాగా

ప్రతి ఏడూ వానలు తగ్గి చెరువు నిండాక బాప్తిస్మాలు. దానికి ముందు ఆదివారం, నీళ్లలో దిగాలనుకునేవాళ్లు సంఘం ముందు నిలబడి ఎందుకు దిగుతున్నారో చెప్పాలి. అందరి జవాబూ ఒకటే: నా పాపాలు క్షమించబడాలని. చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. అడగడం సంఘపెద్ద ఏలియా వంతు. ఏలియా మిషన్ బడిలో బంట్రోతు. వారమంతా గంట కొట్టి, పంతుళ్లకు నీళ్లు మోసి, ఆదివారం ఒక్కపూట మనుషుల్ని నిలబెట్టేవాడు. ఆ ఒక్కపూట కోసం కోటుకు ఇస్త్రీ చేయించేవాడు.

యుద్ధం వచ్చి బియ్యం కరువైన ఏడు నలుగురు నిలబడ్డారు. ముగ్గురు నేర్చుకున్నది అప్పజెప్పి కూర్చున్నారు. నాలుగోవాడు గట్టయ్య, వరంగల్ స్టేషన్‌లో బస్తాలు మోసే హమాలీ. అతని భార్య ఏసమ్మ ఈ సంఘంలో పుట్టిన మనిషి, ఏలియాకు వరసకు చెల్లెలు. ఆమె పోయి ఏడాదైంది, సంఘం శ్మశానంలోనే పూడ్చారు. గట్టయ్య దగ్గితే గుడ్డకు నెత్తురు అంటుతున్నది. చలికాలం దాటడని దవాఖానలో చెప్పిన సంగతి గుడిలో అందరికీ తెలుసు.

"ఎందుకు తీసుకుంటానవ్ గట్టయ్యా?" అన్నాడు ఏలియా.

"ఏసమ్మ పక్కన పండుకునేటందుకు బావా. మీ బొందలగడ్డల బయటోళ్లను పెట్టనియ్యరట గద."

వెనక ఎవరో ఆడమనిషి నవ్వింది. ఇది సంఘమని, ఇక్కడ బావలు లేరని ఏలియా మందలించి, దేవుడి మీద నమ్మకముందా అని అడిగాడు. ఉన్నదో లేదో తనకే తెలియడం లేదన్నాడు గట్టయ్య. ఏసమ్మ పోయేముందు తన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసిందని, తనూ కళ్లు మూసుకున్నాడని, లోపల ఏమీ కనపడలేదని, చెయ్యి మాత్రం విడవలేదని చెప్పాడు.

పాస్టరు మెత్తని ముసలివాడు. దగ్గరికి వచ్చి, పాపాల కోసమని ఒక్క ముక్క అంటే చాలునని గొణిగాడు. గట్టయ్య తల అడ్డంగా ఊపాడు.

"నేను అబద్దమాడిన పూట ఏసమ్మ పొయ్యి సుత ముట్టియ్యకపోయేది అయ్యగారూ. దాని పక్కకు పోను అబద్దమాడాల్నా?" అని ఏలియా వైపు తిరిగాడు. వెక్కిరింపు లేదు, తెలుసుకుందామనే అడిగాడు. "నువ్వెందుకు మునిగినవ్ బావా?"

 పదహారేళ్లప్పుడు ఏలియా మునిగింది ఈ బంట్రోతు కొలువు కోసం. జవాబు రాత్రంతా వల్లెవేసి మిషన్ దొర ముందు అప్పజెప్పాడు. వారం తిరక్కుండానే ఖాకీ చొక్కా వచ్చింది. అప్పటి నుంచి ముప్పై ఏళ్లు, ప్రార్థనకు నోరు తెరిచినప్పుడల్లా తన లోపలికి చూసుకోకుండా గడుపుకొస్తున్నాడు.

"నా పాపాల కోసం," అన్నాడు, గోడలకు తగిలేంత గట్టిగా. "కూసో. వచ్చే ఏడు సూద్దాం."

వచ్చే ఏడు గట్టయ్యకు లేదని తెలిసే అన్నాడు.

పుష్యమాసం చలికి గట్టయ్య పోయాడు. మిషనోళ్లలో కలుస్తానని నిలబడ్డవాడికి తమ మట్టిలో చోటు లేదన్నారు అతని కులపెద్దలు. తమ్ముడు యాకయ్య శవాన్ని మంచం మీద మోయించుకొచ్చి క్రైస్తవుల బొందలగడ్డ గేటు ముందు దించాడు. పాస్టరు ములుగు దిక్కు పల్లెలకు పోయి ఉన్నాడు. తాళంచెవి ఏలియా దగ్గర. యాకయ్య వచ్చి ఏలియా వాకిట్లో కూర్చున్నాడు.

"నీ కాళ్లు మొక్కుత. మా అన్న నిన్ను బావా అనుకుంటనే పాయె."

"నా చేతుల ఏమున్నది యాకయ్యా? నియమం," అన్నాడు ఏలియా. కోటు జేబులో తాళంచెవి చేతికి తగులుతూనే ఉంది.

తెరిస్తే సంఘంలో ఒక్కడు కూడా అడ్డం చెప్పడని అతనికి తెలుసు. కానీ నిజం చెప్పినవాడు అక్కడ పడుకుంటే, బడికి పోతూ వస్తూ రోజూ ఆ గోడ పక్కన నడవాల్సింది తనే.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చూసి, మంచం లేపుకుపోయారు. రైలు పట్టాల అవతల, ఎవరిదీ కాని బంజరులో గుంత తీశారట.

ఏలియా అన్నానికి కూర్చున్నాడు. ఇవాళ ముద్ద దిగదనుకున్నాడు. దిగకపోతే బాగుండుననీ అనుకున్నాడు. దిగకపోతే తనలో మనిషి ఇంకా కొంత మిగిలి ఉన్నట్టు.

దిగింది. భార్య సువార్తమ్మ అడగకముందే మారు వడ్డించమన్నాడు.