ప్రభువు పిడికెడు

కుక్కర్‌లో బియ్యం పోసి, అలవాటుగా ఒక పిడికెడు వెనక్కి తీసింది కమలాకుమారి. తీశాక నాలిక కరుచుకుంది. ఇది తను వంటకి కుదిరిన వైశాలి ఇల్లు, బియ్యం వాళ్ళవి.

"ఎందుకు తీశారాంటీ?" అంది, ఆదివారం కూడా లాప్‌టాప్ వదలని వైశాలి.

"మా ఇంట్లో ఎసట్లో పోసేముందు ప్రభువుకని పిడికెడు డబ్బాలో ఏస్తామమ్మా. ఆదివారం సంఘంలో ఇచ్చేస్తాం. పొయ్యెలగని ఇంటికి పోతయ్యి. మీ బియ్యంతో నేను కానుకిస్తే ఆయనకి నవ్వొస్తది."

నూనె చుక్కలు పడి మచ్చలు తేలిన ముంజేతులు ఆమెవి. భర్త జీవరత్నం ఇదే నోయిడా అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కాపలా కాసేవాడు. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. అప్పటినుంచి వాళ్ళింట్లో బియ్యం కొలత తగ్గింది గానీ ప్రభువు పిడికెడు తగ్గలేదు. మొండి మనిషి కమలాకుమారి. ఇవ్వడానికింకా మిగిలిందంటే ప్రభువు మమ్మల్ని విడిచిపెట్టలేదనుకునేది. ఆ ధైర్యంతోనే పూట గడిపేది.

ఈరోజు ఆమె కాళ్ళు నేల మీద లేవు. గంజి తప్ప ముట్టని జీవరత్నం పొద్దున, "సాయంత్రం అన్నం తింటానే కమలా" అన్నాడు. ఒక్క ముద్ద తిననివ్వు తండ్రీ అని, బెండకాయలు తరుగుతున్నంతసేపూ ప్రార్థించింది.

చీకటి పడకముందే ఇల్లు చేరింది. ఒక్కటే గది, మంచానికీ పొయ్యికీ మధ్య మనిషి నిలబడేంత చోటు. పొద్దున సంఘంలో కుమ్మరించి వచ్చిన డబ్బా ఖాళీగా ఉంది.

"ఈ పూట నే తీస్తా, ఇట్టా పట్రా," అన్నాడు జీవరత్నం.

వేళ్ళు సరిగా ముడుచుకోలేదు. సగం గింజలు దుప్పటి మీద జారిపోయాయి.

"నీ పిడికిలంత రాలేదే. ఊరుకుంటాడంటావా?"

"మీ సంగతి ఆయనకి తెలుసులెండి."

నవ్వాడు. ఆమె గంజి వార్చి వెనక్కి తిరిగేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఊపిరి లేదు. వేడి అన్నం కలిపి, ఆ ముద్ద చేతిలో పట్టుకునే కూర్చుండిపోయింది. అడిగిన ఒక్క ముద్దా ఇవ్వలేదని ప్రభువు మీద అలిగింది.

మర్నాడు సమాధుల తోట నుంచి వచ్చాక ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. సంఘంలో ఆడవాళ్ళు గిన్నెతో అన్నం పట్టుకొచ్చారు.

"తిను వదినా. సంఘం బియ్యమే," అంది ఒకామె.

కమలాకుమారి గిన్నె వంక చూసింది. నిన్న సంఘంలో కుమ్మరించిన తన పిడికెళ్ళు అందులో ఉన్నాయి. అప్పుడు భోరున ఏడ్చింది. ఏడుస్తూనే తిన్నది.

గూట్లో డబ్బా అడుగున, జీవరత్నం వేసిన సగం పిడికెడు బియ్యం పలచగా పరుచుకుని ఉంది.