మడమ కింద చేతులు

పీటమీద నిలబడి, ఆపరేషన్ బల్లమీద పడుకున్న పెద్దావిడ మడమను రెండు అరచేతుల్లోకి తీసుకుని కాలు పైకెత్తాడు బాబాయి. ఆసుపత్రిలో అందరికీ అతను బాబాయే. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. మనిషి పొట్టి. అందుకని ఆపరేషన్ థియేటర్లో అతనికోసం జానెడు ఎత్తు చెక్కపీట ఒకటి ఉంచారు. అదెక్కితేగాని కాలు కావలసినంత లేవదు.

చెప్పుకోవడానికి అదేమంత గొప్ప పని కాదు. మోకాలికి కొత్త కీలు వేసేముందు తొడనుంచి వేళ్ళదాకా గోధుమరంగు మందు పూస్తారు. పూసి, ఆరేదాకా కాలు గాల్లోనే ఉండాలి, పట్టుకున్న మడమ తప్ప ఇంకెక్కడా దేనికీ తగలకూడదు. తగిలి క్రిములు అంటుకుని లోపల చీము పట్టిందంటే, వేసిన కీలు మళ్ళీ కోసి తీయాల్సిందే. అతను చేరిన కొత్తల్లో కాలు విరిగినవాళ్ళకి బరువులు వేలాడదీసి నెలల తరబడి మంచంమీదే ఉంచేవాళ్ళు. తర్వాత రాడ్లొచ్చాయి, ప్లేట్లొచ్చాయి, ఇప్పుడు ఏకంగా కీళ్ళే మార్చి మర్నాడు నడిపిస్తున్నారు. ఎన్నొచ్చినా కాలెత్తి పట్టుకోవడం మాత్రం అతనికే మిగిలింది. ఈమధ్య దానికీ ఒక ఇనప స్టాండు వచ్చింది. బాబాయి ఉండగా ఎందుకులే అని దాని పెట్టె ఇంకా విప్పలేదు.

బాబాయి కుడిభుజం మాత్రం చాన్నాళ్ళుగా మొరాయిస్తోంది. తల దువ్వుకోవాలన్నా ఎడమచెయ్యే దిక్కు. ఆ సంగతి పైకి పొక్కనివ్వలేదు. ఇంకొక్క వారం గడిస్తే చాలు. వచ్చేవారం ఇదే బల్లమీద అతని భార్యకు మోకాలి ఆపరేషను. ఆవిడ ససేమిరా అని అని, చివరికి ఒక్క షరతుమీద దిగొచ్చింది.

"ఊళ్ళో అందరి కాళ్ళూ పట్టుకుంటావుగా. నా కాలూ నువ్వే పట్టుకుంటానంటే వస్తా. లేదా, ఇలాగే కుంటుకుంటూ పోతా" అంది.

బల్లమీది పెద్దావిడ మెలకువగానే ఉంది. వెన్నులో మత్తిచ్చారు గనుక నడుం కింద ఏమీ తెలియదు. మధ్యలో తెర అడ్డం కట్టారు.

"బాబూ, నా కాలెక్కడుంది? అసలున్నట్టే లేదు" అంది తెర అవతలనుంచి.

"నా చేతుల్లోనే ఉందమ్మా. ఎక్కడికీ పోదు."

"భద్రం నాయనా."

మత్తెక్కిన కాలు తన బరువు తాను మోసుకోదు. చిన్న డాక్టరు తొడదాకా మందు పూసి, ఇంకో దూదివుండ కోసం వెనక్కి తిరిగాడు. పెద్ద డాక్టరు బయట చేతులు కడుక్కుంటున్నాడు. సిస్టరు పనిముట్లు సర్దుకుంటోంది. సరిగ్గా అప్పుడే భుజంలో కలుక్కుమంది. చేతులు దిగిపోయి, పిక్క వచ్చి అతని ఛాతీకి ఆనింది. రెప్పపాటులో మళ్ళీ ఎత్తేశాడు. చొక్కామీద గోధుమరంగు మరక పడింది. ఎవరూ చూడలేదు.

నోరు మెదపకపోతే ఈ వారం గడిచిపోతుంది. ఇంటిదానికిచ్చిన మాట నిలుస్తుంది. తెర అవతల పెద్దావిడ ఏదో గొణుక్కుంటోంది, దేవుణ్ణి తలుచుకుంటోంది కాబోలు. ఈ కాలే తన భార్యదైతే ఇలా లెక్కలేసుకుంటాడా? అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"సార్, తగిలింది. నా చొక్కాకి తగిలింది. మళ్ళీ మొదట్నుంచీ పూయండి" అన్నాడు.

చిన్న డాక్టరు మరక వంక చూశాడు. అప్పుడే లోపలికొచ్చిన పెద్ద డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది బాబాయికి.

"భుజమా? ఎన్నాళ్ళనుంచి?"

"ఉంది సార్, కొన్నాళ్ళుగా."

"ఎముకల డాక్టర్ని పక్కనే పెట్టుకుని దాచుకున్నావా బాబాయ్!"

సిస్టరు స్టాండు తెప్పించింది. పెట్టె కట్లు కోసి, స్టాండు తుడిచి, బల్ల అంచుకు బిగించారు. మడమను అందులో ఉంచింది మాత్రం బాబాయే. స్టాండు వణకలేదు. అతను ఖాళీ చేతులు ఇంకాసేపు అలాగే చాపి ఉంచి, నెమ్మదిగా పీట దిగాడు.

"రేపట్నుంచి ఓపీలో కూర్చో. ముందు ఆ భుజానికి ఎక్స్‌రే తీయిద్దాం" అన్నాడు పెద్ద డాక్టరు. మళ్ళీ మందు పూయడం మొదలైంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆవిడ గడపలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది. జరిగింది చెప్పాడు.

"అయితే నా కాలు?"

"స్టాండు పట్టుకుంటుంది. నాకంటే నయం, అది అలిసిపోదు."

"మరి నువ్వో?"

"తలుపు బయటే ఉంటా."

ఆవిడ నూనెగిన్నె పక్కన పెట్టేసింది. ఇక రానంటుందనే అనుకున్నాడు. అంతలో చొక్కా పట్టి దగ్గరికి లాగి, మిగిలిన నూనె అతని భుజానికి పట్టించసాగింది. ఆ వేళ్ళ కింద ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారి బయటపడి, అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"నీ పీట తెచ్చుకున్నావా?" అంది రాస్తూనే.

"మర్చిపోయా. రేపు తెస్తాలే."

"తేకు. అక్కడే ఉండనీ. లోపలికెళ్ళాక నీదేదో ఒకటి నా కళ్ళకి కనబడాలిగా."

థియేటర్లో ఆ పూట నేల కడిగించిన సిస్టరు, దీపాలార్పేముందు పీటను గోడవారగా బోర్లించింది. తడి ఇంకా ఆరని దాని నాలుగు కాళ్ళూ పైకి లేచి ఉన్నాయి.