జవాబు చూడమని చెప్పేదాన్ని

నేను ఒక మాటను. నోటితో పలికే మాటను కాను, కీబోర్డు మీద కొట్టిన మాటను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాను. నా పేరుకు ముందు విభూతి రేఖల్లా రెండు అడ్డగీతలుంటాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లు నాలాంటివాటిని మాక్రోలంటారు. నా పేరుకు తెలుగులో అర్థం చెప్పమంటే "జవాబు చూడాల్సిందే" అని చెప్పుకోవచ్చు. అంతకు మించి నాకు చదువూ సంధ్యా లేవు.

పుట్టింది విశాఖపట్నంలో, సీతమ్మధారలో ఒక మేడ మూడో అంతస్తులో. ఆ ఆఫీసువాళ్లు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు తయారుచేస్తారు. ప్రతి పెట్టెలోనూ ఒక చిన్న కంప్యూటరుంటుంది. వేడి పెంచడం, తగ్గించడం, తీగలు చెప్పేది వినడం లాంటి మోటు పనులన్నీ చేస్తూ దానిలో అన్నిటికంటే అడుగున ఉండే ప్రోగ్రాముని కెర్నల్ అంటారు. ఆఫీసులో ఉండే దాని రాతప్రతిలో నా నివాసం.

నన్ను రాసినామె శ్యామసుందరి. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. కెర్నల్ పని క్షుణ్ణంగా తెలిసిన మనిషి ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే. పిల్ల ఒంటికి అంటించిన సెన్సరు దగ్గరికి వెళ్లి వేడి ఎంతుందో తెచ్చే ఫంక్షను, అంటే పిలిస్తే ఒక పని చేసుకొచ్చే ప్రోగ్రాము ముక్క, ఆమే రాసింది. అది వెళ్లివచ్చి రెండు సంగతులు చెబుతుంది. వేడి ఎంత అన్నది ఒకటి, అసలు చూడగలిగానా లేదా అన్నది రెండోది. రెండోది అడక్కుండా మొదటిదాన్ని నమ్మితే కొంప మునుగుతుంది. సెన్సరు ఊడిపోతే ఫంక్షను నిజాయితీగా "చూడలేకపోయాను" అనే చెబుతుంది కానీ, పాత అంకె మాత్రం అక్కడే పడి ఉంటుంది. పరీక్షల్లో ఒకసారి ఆ పాత అంకెనే నమ్మి, ఇంకా చాలలేదనుకుని యంత్రం వేడి పెంచుకుంటూ పోయింది. పెట్టెలో పడుకోబెట్టిన ప్లాస్టిక్ బొమ్మ కాళ్లు మెత్తబడి వంగిపోయాయి. తెరమీద ముప్పై ఆరున్నర డిగ్రీలే. ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని చూసిన మధ్యాహ్నమే శ్యామసుందరి నన్ను రాసి ఆ ఫంక్షను నెత్తిన కూర్చోబెట్టింది.

అప్పటినుంచి ఎవరైనా ఆ ఫంక్షన్ను పిలిచి, "చూడగలిగావా?" అని అడక్కుండా ముందుకు పోతే కంపైలర్ ఊరుకునేది కాదు. కంపైలరంటే మనుషులు రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేది. ఫలానా లైనులో జవాబు చూడలేదని పసుపు రంగులో ఒక వార్నింగు పడేసేది. అరిచేది అదే అయినా అరిపించేది నేను. ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి.

మనుషులకు నేనంటే గిట్టదు. తప్పు చేసినందుకు ఏనాడూ బాధపడరు గానీ, తప్పని చెప్పినందుకు మాత్రం నొచ్చుకుంటారు. ఒకాయన నా పోరు పడలేక జవాబును తీసుకుని ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బా మూత మళ్లీ తియ్యలేదు. తీసుకున్నాడు కదా అని కంపైలర్ నోరు మూసుకుంది. శ్యామసుందరి అది పట్టుకుని ఆయనకు చెడామడా చీవాట్లు పెట్టింది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

నా గురించి రెండు సంగతులు మీకు ముందే చెప్పాలి. నేను ఒక్కసారి కూడా ఆ పెట్టెలోకి వెళ్లలేదు. ఉప్పు వేశావా అని అడిగే అత్తగారి గొంతు కూరలో ఉండదు కదా. ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే నా పెత్తనమంతా. పెట్టె ఆసుపత్రికి చేరి పిల్లను పడుకోబెట్టుకునే వేళకు నా ఆనవాలే ఉండదు. నేను అరవాల్సింది ముందే అరవాలి.

రెండోది ఇంకా చిన్న సంగతి. నన్ను శ్యామసుందరి రెండు ముక్కల్లో రాసింది. అప్పుడు వాడుతున్న కంపైలర్ అయితే నాకు ఈ అర్థమని, ఇంకే కంపైలర్ అయినా నేను ఖాళీ అని. ఇలాంటి ఆజ్ఞలు ఒక్కో కంపైలర్‌కు ఒక్కో తీరులో చెప్పాలి. తెలియని ఆజ్ఞ ఎదురైతే అది మొరాయిస్తుంది. మొరాయించకుండా ఉండడానికి వేసిన ఏర్పాటు అది. వేరేది వచ్చిన రోజున చూసుకుందాంలే అనుకుంది. ఆరేళ్లు ఆ రోజు రాలేదు.

ఏడో ఏట కొత్త మోడలు పెట్టె మొదలుపెట్టారు. దానిలోని కంప్యూటరుకు పాత కంపైలర్ పనికిరాదన్నారు. మార్చే పని చిన్నంనాయుడికి అప్పగించారు. బొబ్బిలి మనిషి, ముప్పై అయిదేళ్లవాడు, చేతిలో పని మహా శుభ్రం. పాత కంపైలర్ రోజూ రెండు వందల చిల్లర వార్నింగులు, పనికొచ్చేవీ పనికిరానివీ కలిపి కుమ్మరించేది. కొత్తదానితో తయారుచేసిన రోజు తెరమీద ఒక్కటంటే ఒక్క పసుపు గీత లేదు.

"సున్నా!" అన్నాడు మేనేజరు పైడిరాజు, కుర్చీలోంచి లేచి. "మా నాయుడు చెయ్యి పెడితే ఇంతే మరి. ఏటంటారు సుందరి గారూ?"

"బాగుందండీ," అంది శ్యామసుందరి.

పైడిరాజు మాడుగుల హల్వా తెప్పించాడు. ఆమె కూడా ఒక ముక్క తిని చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. నేను ఖాళీ అయిపోయానని ఎవరికీ తెలియలేదు. నా పేరు మాత్రం ఫంక్షను నెత్తిన ఎప్పటిలాగే ఉంది. చదివినవాళ్లకు నేను కాపలా ఉన్నట్టే కనిపించేదాన్ని.

ఆ ప్రశాంతతలోనే చిన్నంనాయుడు కొత్త హీటరు ప్రోగ్రాము రాశాడు. ఒక లైనులో వేడి ఎంతో అడిగాడు, చూడగలిగావా అని అడగలేదు. మరిచిపోయాడంతే. పాత రోజుల్లో అయితే ఆ లైను రాసిన మరుక్షణం నేను ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఆ రోజు నాకు నోరు లేదు. ఆఫీసులో పరీక్షలు సవ్యంగా జరిగాయి, ఎందుకంటే ఆఫీసు బల్లమీద సెన్సరు అంత తేలిగ్గా ఊడదు, బొమ్మ కాళ్లు తన్నదు. నలభై ఒక్క పెట్టెలు ఆసుపత్రులకు వెళ్లాయి.

నాలుగు నెలలకు, సోమవారం ఉదయం, మన్యంలోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మాట్లాడింది ఎస్తేరు అనే నర్సమ్మ. పైడిరాజు స్పీకరు పెట్టాడు.

"తెర మీద ముప్పై ఆరున్నరే ఉందండి బాబూ. నాకు తెర మీద నమ్మకం సాలదు, పావుగంటకోసారి పిల్ల కాలు ముట్టుకుంటాను. ముట్టుకుంటే సురుక్కుమంది. పిల్లను లాగేసి వాళ్లమ్మ గుండెలమీద ఏసేసినాను. కుడి మడమ బొబ్బలెక్కిపోయింది. కిలో మూడొందలు లేదండి పిల్ల. మీ పెట్టెకి ఏటయిందో సూడండి."

తల్లి పేరు నూకరత్నమని, పిల్లకు ఇంకా పేరు పెట్టలేదని కూడా చెప్పింది.

ఫోను పెట్టేశాక పైడిరాజు నుదురు రుద్దుకున్నాడు. "సెన్సరు ఊడుంటాది. వాళ్లు సరిగ్గా అంటించి ఉండరు. మన ప్రోగ్రాములో తప్పు లేదని ఒక కాగితం రాసిచ్చేద్దాం."

"సెన్సరు ఊడిందనే నేనూ అనుకుంటున్నాను," అంది శ్యామసుందరి. "ఊడితే పెట్టె గంట మోగాలి కదండీ. ఎందుకు మోగలేదు?"

ఆ రోజు మధ్యాహ్నానికి ఆమె కర్సరు నా మీదికి వచ్చి ఆగింది. నా రెండో ముక్క చదివింది. ఖాళీ అన్న చోట. ఆమె చెయ్యి మౌసు మీదినుంచి జారి ఒళ్లో పడింది. ఇన్నేళ్లలో నన్ను అంత సేపు ఎవరూ చూడలేదు. నాకు భయమేసింది, ఆమె ముఖంలోనూ అదే ఉంది.

ఒక్క లైను కలిపింది. కొత్త కంపైలర్‌కు అర్థమయ్యే తీరులో నాకు అర్థం ఇచ్చి, మళ్లీ మొత్తం తయారుచెయ్యమంది. నోరు రాగానే నేను ఏడు చోట్ల అరిచాను. ఏడో చోటు హీటరు.

"నాయుడూ, ఇలా రా."

చిన్నంనాయుడు వచ్చి తెర చూశాడు. తన లైను గుర్తుపట్టి పక్క కుర్చీలో కూలబడ్డాడు. "నేనే మేడమ్. నా సేతులతో నేనే రాసినాను."

"నువ్వు మరిచిపోయావు. మరిచిపోతే గుర్తుచెయ్యాల్సినదాని నోరు నేను నొక్కేశాను, ఏడేళ్ల కిందట. ఇద్దరం కలిసి హల్వా తిన్నాం."

పైడిరాజుకు చెబితే ఆయన ముఖం పాలిపోయింది. రెండు రోజుల్లో సరిచేసిన ప్రోగ్రాము పంపుదామని, అప్పటిదాకా ఎవరినీ కంగారు పెట్టొద్దని అన్నాడు. నలభై ఆసుపత్రుల్లో నలభై మంది పిల్లలు ఉన్నారని శ్యామసుందరి అంది. ఆమె ఆసుపత్రుల జాబితా తీసి, పెట్టె ఆపేయమని ఫోను చెయ్యడం మొదలుపెట్టింది.

నాలుగో ఫోనుకే ఆమెకు కష్టం తెలిసొచ్చింది. "ఆపేయమంటే ఎలాగమ్మా?" అంది అవతలి నర్సు. "మాకున్నది ఇదొక్కటే పెట్టి. ఆపేస్తే సలికి పోతాది పిల్ల. ఏటి సెయ్యమంటావు సెప్పు."

శ్యామసుందరి ఎస్తేరు మాటే చెప్పింది. తెరను నమ్మవద్దని, పావుగంటకోసారి చెయ్యి లోపల పెట్టి పిల్ల కాలు ముట్టుకోమని, వేడనిపిస్తే తీసి తల్లి గుండెలమీద వెయ్యమని. ఆ తర్వాత చేసిన ప్రతి ఫోనులోనూ అదే చెప్పింది. ఇన్నేళ్లుగా నేను గొంతు చించుకుని చెప్పింది కూడా అదే. నా పేరు కూడా వినని ఆ నర్సమ్మ ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసింది. నన్ను రోజూ చూసే ఆఫీసు మాత్రం చెయ్యలేదు. ఆ పూట నా గొప్పంతా దిగిపోయింది.

ముప్పై మూడో ఫోను ఎత్తిన నర్సుకూ అంతా చెప్పింది.

"ఇన్నారా అమ్మా?" అంది శ్యామసుందరి, ఆమె యాసలోకి జారి.

"ఇన్నానమ్మా. పోయిన నెల ఒక పిల్లడు ఒళ్లు కాలిపోయి పోయినాడు. జొరమనుకున్నాం. డాక్టరు బాబు కూడా జొరమనే రాసినారు. అదీ... మీ పెట్టిలోనేనమ్మా."

"గంట మోగిందా?"

"లేదు."

శ్యామసుందరి ఫోను పెట్టేసి, ఆ పెట్టెలో దాచిన వివరాలు నెట్టులో తెప్పించి ఆ రోజుది వెతికింది. వేడి ఎంతో అంకెలున్నాయి, అన్నీ ముప్పై ఆరున్నరే. సెన్సరు ఎప్పుడు ఊడిందో, హీటరు ఎంతసేపు మండిందో రాసిపెట్టే పని ఆ పెట్టెకు ఎవరూ చెప్పలేదు. నిజంగా జ్వరమే కావచ్చు. కాకపోవచ్చు. తెలుసుకునే దారి లేదని ఆమెకు అర్థమైంది. మిగిలిన ఏడు ఫోన్లూ చేసింది. చివరిది పెట్టేశాక చిన్నంనాయుడు మంచినీళ్ల గ్లాసు ముందుంచాడు, ఆమె ముట్టుకోలేదు.

బుధవారానికి సరిచేసిన ప్రోగ్రాము వెళ్లింది. దానితో పంపిన కాగితంలో శ్యామసుందరి తప్పు తమదేనని రాయించింది. ఆ పిల్లవాడి సంగతి కూడా ఉన్నదున్నట్టు రాసింది. పైడిరాజు సంతకం పెట్టాడు. శుక్రవారం ఆమె ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఎస్తేరు ఉన్న ఆసుపత్రికి వెళ్లి వచ్చింది. సోమవారం ఉదయం వస్తూనే నన్ను తెరిచి, నా పైన తెలుగులో, యంత్రానికి కాక మనుషులు చదువుకోవడానికి, ఒక లైను రాసింది. ఆ కెర్నల్ మొత్తంలో తెలుగు అక్షరాలు అక్కడే ఉన్నాయి.

"దీన్ని తీసేయాలనుకుంటే ముందు వెళ్లి నూకరత్నం కూతురి కుడి మడమ చూసి రండి."

దాని కింద ఇంకో లైను మొదలుపెట్టింది. ఆ పిల్లవాడి గురించి. కర్సరు చాలాసేపు మిణుకుమిణుకుమంటూ నిలబడింది. తప్పు తనదేనని తెలిస్తే రాసేది, కాదని తెలిసినా ఊరట పడేది. ఏదీ తెలియక ఆ లైను ఖాళీగానే ఉంచి, దాచి మూసేసింది.

ఇప్పుడామె రిటైరైంది. కొత్త కుర్రవాళ్లు ఉద్యోగంలోకి వస్తుంటారు, నా అరుపుకు విసుక్కుంటారు, నన్ను తీసేద్దామని తెరుస్తారు, పై లైను చదివి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఒకమ్మాయి మాత్రం కింద ఖాళీ లైను ఎందుకుందో తెలియక చెరిపెయ్యబోయింది. చిన్నంనాయుడు వెనకనుంచి చూసి, "అది ఉంచమ్మా," అన్నాడు. ఎందుకని ఆమె అడిగింది. అతను వంగి, ఆ ఖాళీని అలాగే దాచి మూసేశాడు.