జెండా పాట ఒక్కరికే

షేర్ల ధరలు చూపించడానికి మా ఆఫీసు గోడమీద టీవీ ఉంది. అయినా జనానికి నేనే కావాలి. "పుష్పలతమ్మా, ఇయ్యాల ఏది పెరుగుతది?" అని పొద్దున్నుంచీ ఒకటే గోల. అదే నాకు తెలిస్తే ఖమ్మంలో ఈ ఇరుకు గదిలో కంప్యూటర్ ముందు నడుం పడిపోయేలా ఎందుకు కూర్చుంటాను?

2007 దసరా తర్వాత అందరి నోటా గౌతమి ఇన్‌ఫ్రా పేరే. అంతకుముందు రోజుకు వంద షేర్లు కూడా చేతులు మారని కంపెనీ. అది ఏం కడుతుందో ఒక్కడికీ తెలియదు. ఓ రోజు టీవీలో కనపడింది, మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది, జనం ఎగబడ్డారు. ఎగబడ్డారు కాబట్టి ధర పెరిగింది. పెరిగింది కాబట్టి టీవీవాడు మళ్లీ చూపించాడు. వారం రోజులు వాళ్లను చూసి నవ్వాను. ఎనిమిదో రోజు, రెండేళ్ల జీతంలో మిగిల్చిందంతా పెట్టి నేనూ కొన్నాను. సిగ్గు లేకపోతే సరి.

మెట్లదాకా నిలబడ్డ ఆ గుంపును చూసే లాల్‌సింగ్ కాకా పైకి వచ్చాడు. జూలూరుపాడు దగ్గర తండా ఆయనది. మిర్చి అమ్మి, బోరు వేయించుకోవడానికి దాచిన డబ్బు చేతిలో ఉంది.

"కాకా, ఇది మిర్చి యార్డు కాదు. ఇంటికి పో" అన్నాను.

"నాకు తెల్వదా బిడ్డా? యార్డుల పొద్దుగాల జెండా పాట పెడ్తరు. మంచి సరుకు ఒక్క లాటుకే పెద్ద ధర. మిగిలినోళ్లకు గంత రాదు. గదైనా జనం ఏడ మూగితే ఆడనే బేరం. గింతమంది పిచ్చోళ్లా?"

కొన్నాడు. నెలరోజులు ధర పెరిగింది. అమ్మెయ్యమంటే, "ఇంకా జనం వస్తనే ఉన్నరు గద" అన్నాడు. నేను మాత్రం అమ్మానా ఏమిటి!

జనవరిలో మార్కెట్ కూలింది. గౌతమి రోజూ తెరవగానే ఐదు శాతం పడి అక్కడే ఆగిపోయేది. ఆ రోజుకు అంతకంటే కిందికి పోనివ్వరు, ఆ ధరకు కొనేవాడు ఉండడు. అమ్మేవాళ్లు మాత్రం లక్షల షేర్లతో వరుసలో ఉంటారు. ఎవడైనా దారి తప్పి వచ్చి కొంటే, వరుసలో ముందున్నవాళ్లవే పోతాయి. జనం పత్తా లేరు. మా టీవీలో క్రికెట్ నడుస్తోంది.

ఓ సాయంత్రం కాకా ఫోన్ చేశాడు. "తోట ఎండుతాంది బిడ్డా. బోరు బండిని మాట్లాడిన. ఆదివారం లోపల పైసలియ్యకుంటే వేరే ఊరికి పోతదట. రేపు అందరికంటె ముందు నాది పెట్టు."

"ఫస్టు నీదే కాకా" అన్నాను.

మర్నాడు పది కావడానికి ఐదు నిమిషాలు, మార్కెట్ తెరుచుకుంది. ఆయన ఖాతా నంబరు రాసుకున్న కాగితం నా ఎదురుగానే ఉంది. నా వేళ్లు నా ఖాతా నంబరే కొట్టాయి. తర్వాత ఆయనది. మధ్యలో అరనిమిషం.

పదకొండింటికి ఎవరో కొన్ని వేల షేర్లు కొన్నారు. నావి పోయాయి. ఆయనవి అలాగే ఉండిపోయాయి. పోయినందుకు సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు? ఆ వెనకే ఆయన కాగితాన్ని కీబోర్డు కిందికి తోశాను.

మధ్యాహ్నం బస్సుకు కాకా వచ్చాడు. "మనయి పోయినయా?"

"లేదు కాకా."

"ఎవ్వరియి పోలేదా?"

"కొందరియి పోయినయ్."

బెంచీ మీద కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నీళ్లిస్తే సగం తాగి, గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

"పోనీ తియ్. జెండా పాట ఒక్కరికే దొరుకుతది. ఆ దొరికినోళ్లన్న సల్లగుండనీ" అన్నాడు. నేను కంప్యూటర్ వైపు తిరిగాను. "నీ తప్పేముంది బిడ్డా? నువ్వయితే ముందుగాల నాదే పెట్టినవ్ గద?"

"అవ్ కాకా" అన్నాను.