ఎంజైమ్ లేని గుంటలో పసుపు

పరీక్ష ప్లేటులో ఎంజైమ్ వేయని చిన్న గుంట కూడా పసుపు రంగుకు తిరిగింది. ఆగ్నెస్ ప్లేటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. అదే పసుపు.

కణంలో నడిచే సంకేతాలను ఆపే ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌ల మీద ఆమె పరిశోధన. ఎంజైమ్ చేసే పని కంటికి కనబడదు కనుక, కృత్రిమంగా తయారుచేసిన ఒక పదార్థాన్ని దానికి మేతగా వేస్తారు. ఎంజైమ్ అందులోని ఫాస్ఫేట్‌ను తెంపితే, నీళ్లలా ఉన్న ద్రావణం పసుపుపచ్చగా మారుతుంది. ఎంజైమే లేనిచోట రంగు వస్తోందంటే, మేత సీసాలో ఎవరో చెయ్యి పెడుతున్నారు.

కోలారులోని ఆ ల్యాబ్‌లో ఆ సీసా ఉండే ఫ్రిజ్ వాడేది ఇద్దరే. రెండోవాడు ఆమె కన్నా చిన్నవాడైన తోటి విద్యార్థి, గౌనిపల్లి గిరీశ్. సదస్సుకు ఒక్కరినే పంపుతానని ల్యాబ్ నడిపే సవిత మేడమ్ అన్నప్పటి నుంచి అతను ఆగ్నెస్ కళ్లలోకి చూడటం మానేశాడు. మర్నాడు పొద్దున రాబర్ట్‌సన్‌పేటలోని ఇంటి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఆమెకు అదే ఆలోచన.

ద్రావణం మళ్లీ కొత్తగా కలిపి రెండు సీసాల్లో పోసింది. ఒకటి మామూలు చోట పెట్టి, రెండోది ఖాళీ డబ్బాలో దాచింది. సాయంత్రానికి దాచింది తేటగానే ఉంది. ఎదురుగా పెట్టింది పసుపెక్కింది.

మర్నాడు భోజనానికి వెళ్తున్నట్టు బయలుదేరి, పక్కగది తలుపు వెనక నిలబడింది. గిరీశ్ వచ్చి జేబులోంచి చిన్న సీసా తీశాడు. అందులో తెల్లగా ఏదో ఉంది. ద్రవాన్ని పీల్చే పిపెట్ మొనను దాంట్లో ముంచి, అదే మొనను ఆమె సీసాలోనూ ముంచాడు.

"ఏం కలుపుతా ఉండావు గిరీశా?"

అతను గబుక్కున వెనక్కి తిరిగాడు. "కలపలేదక్కా. రవంత తీసుకుంటా ఉండాను."

"ఆ తెల్లది ఏంది?"

"పాలు. మా ఆవుకి పొదుగు వాచినట్లుండాది. జబ్బు పాలల్లో ఈ ఎంజైమ్ జాస్తి ఉంటుందంట, నీ ద్రావణం కలిపి రంగు చూద్దామని. మేడమ్‌ని అడిగేకి భయమయింది."

"పాలల్లో ముంచిన మొననే నా సీసాలో పెడితివి కదప్పా! ఆ ఎంజైమే ఇంగ నా పనంతా చెడిపింది. సదస్సు కోసరం చేస్తా ఉండావనుకుంటిని."

"నన్ను అట్లా అనుకుంటివా అక్కా?"

ఆగ్నెస్ తన సీసాకు మూత బిగించింది. "పద, మేడమ్‌కి నువ్వే చెప్పు" అంది.

మేడమ్ గట్టిగానే తిట్టి, అతనికి వేరే సీసా ఇచ్చింది. ఆగ్నెస్ పాత ఫలితాలన్నీ పారేసి, దాచిన ద్రావణంతో మొదటి నుంచి చేసింది. ఎంజైమ్ లేని గుంట తేటగా నిలిచింది.

గిరీశ్ ఆవు నాలుగు చన్నుల పాలు విడివిడిగా తెచ్చి అందరి ఎదుటే పరీక్షించాడు. ఒకదాని పాలకే రంగు త్వరగా వచ్చింది. వాళ్లమ్మ అక్కయమ్మకు ఫోన్ చేసి, పశువుల డాక్టరును పిలవమన్నాడు. ఆగ్నెస్ పక్కనే నిలబడి రంగులు సరిపోల్చి చూపించింది.

సాయంత్రం ఆమె తన సీసాను డబ్బాలో పెట్టి తాళం వేసింది. గిరీశ్ చూశాడు. తన సీసాను ఆ డబ్బాకు దూరంగా, కింది అరలో పెట్టుకున్నాడు.