కోట గుమ్మంలో ఆగిపోయిన ఫ్లాగ్‌మన్

శుక్రవారం మధ్యాహ్నం కోడికూర తిన్నాక దోహా శివారు కార్మికుల క్యాంపు బర్వా అల్ బరాహాలో ఎవరైనా చేసే పని ఒకటే, పడుకోవడం. ఆ శుక్రవారం మాత్రం సురేందర్ గదిలో ఒక్కడూ నడుం వాల్చలేదు. కింది మంచాల మీద కొందరు బాసింపట్లు వేశారు, పై మంచాల వాళ్ళు కాళ్ళు కిందికి వేలాడేశారు, పక్కగది వాళ్ళు గుమ్మం నిండా నిలబడ్డారు. అందరి చూపూ సురేందర్ మీద. సురేందర్ చూపు తన చెప్పుల మీద.

నిన్ననే జపాన్ నుంచి దిగాడు మరి!

ప్రపంచకప్పుకి ఇంకా కొన్నేళ్ళున్నా, దోహా చుట్టూ అప్పటికే క్రేన్లు మెడలు సాచుకుని నిలబడ్డాయి. సురేందర్ పనిచేసేది ఒక జపాన్ కంపెనీ సైటులో. పని ఫ్లాగ్‌మన్. ట్రైలర్ వెనక్కొస్తున్నా, క్రేన్ బరువు తిప్పుతున్నా ఎర్రజెండా చూపించి జనాన్ని ఆపాలి, పచ్చజెండా చూపించి వదలాలి. చేతిలో రెండు జెండాలు, బుర్రలో ఒకటే అజెండా: ఎవడూ చక్రం కింద పడకూడదు. ఏడాదంతా అతని గేటు దగ్గర ఒక్కడి గోరు కూడా చిట్లలేదు. మెచ్చిన కంపెనీ సేఫ్టీ అవార్డు ఇచ్చి, ఒక నేపాలీతో కలిపి తమ దేశం చూసి రమ్మని పంపింది. ఆఖరి రోజు గైడుతో టూరు. పొద్దున కోట, మధ్యాహ్నం బుద్ధుడి గుడి, సాయంత్రం వాళ్ళ పాత దేవతల గుడి. జపాన్ కోటలు చూసే కోటా గది మొత్తానికి సురేందర్ ఒక్కడికే దక్కింది.

అందుకే వెళ్ళేముందు గదిలో వాళ్ళంతా ఒకటే మాటన్నారు: "మా కండ్లు గూడ నీ ఎంబడే తీస్కపో అన్నా."

బుచ్చన్న కాక అయితే కళ్ళతో సరిపెట్టలేదు. గదిలో అందరికంటే పెద్దాయన, ఇనుపచువ్వలు కట్టే మనిషి. జగిత్యాల దగ్గర ఊళ్ళో ఉన్న భార్య గంగాబాయికి ఈ శనివారం కంటి ఆపరేషన్. జపాన్ దేవతల గుడి ముందు పెద్ద తాడు పట్టుకుని గంట కొడతారని ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారట. "నా పెండ్లాం పేరు మీద ఒక్కసారి కొట్టు బిడ్డా," అన్నాడు. గంగాబాయికి విమానం ఎక్కిన వాడెవడైనా దుబాయ్‌లోనే దిగుతాడు. మొగుడు ఖతర్‌లో ఉన్నా ఆమె లెక్కలో దుబాయే. "సురేందర్ దుబాయ్ల ఆ కొసకు పోయిండట, ఆడ నాకోసం గంట కొడ్తడట," అని ఊరంతా చెప్పుకుని, ధైర్యంగా ఆస్పత్రికి సంచీ సర్దుకుంటోంది.

ఇప్పుడు చిక్కల్లా, సురేందర్ కోట లోపల అడుగే పెట్టలేదు.

అబద్ధం చెప్పడం పెద్ద పని కాదు. నేపాలీ లోపల తీసిన ఫొటోలన్నీ ఫోన్‌లో ఉన్నాయి. కానీ కోట దగ్గర బొంకితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. అప్పుడు గంట కూడా బొంకే అనుకుంటాడు కాక. నిజం చెబితే గది గదంతా నవ్వుతుంది. నవ్వించడానికే పుట్టిన గంగాప్రసాద్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆర్మూరు వాడు, షట్టరింగ్ కార్పెంటర్. చెక్కకి మేకు కొట్టినట్టే మనిషికి మాట కొడతాడు.

"యల్లా గైడు గారూ, బండి కదలనియ్యిండ్రి! మా కండ్లు గూడ తీస్కపోయి, నోరు మూసుకుంటె ఎట్ల?"

"తెల్లగుంటది కోట," అన్నాడు సురేందర్. "గుట్టంత రాతిగోడ. సున్నం లేకుండ రాయి మీద రాయి. గోడ సుట్టూ నీళ్ళు."

"లోపలేముంది?"

సురేందర్ మళ్ళీ చెప్పుల వైపు చూశాడు. "లోపలికి పోలే."



"ఏమబ్బా, అంత దూరం పొయ్యి లోపలికి పోలేదా?" అన్నాడు మౌలాలి. కడప మనిషి, మెసైమీర్‌లో ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్. శుక్రవారం కోడికూర ఎక్కడుంటే అక్కడికి బండి తిప్పుతాడు. "టిక్కెట్ ఇయ్యలేదా ఏంది?"

"ఇచ్చిన్రు. గైడమ్మ చేతిల ఎర్రజెండా ఉన్నది. దర్వాజ కాడికి రాంగనే జెండా పైకి లేపింది. అందరు ఆమె ఎన్క పోయిన్రు. నేను ఆగిన."

"ఎందుకాగినవ్?"

"ఎర్రజెండా గదా!"

గది పేలింది. పై మంచం మీదున్న వాడు నవ్వలేక దిండు కరిచాడు. గంగాప్రసాద్ లేచి నిలబడి చేతులు జోడించాడు.

"ఓరి నాయనో! గామె ఎన్క రమ్మని లేపితె, నువ్వు ట్రైలర్ రివర్స్ అయితుందనుకున్నవా? కోట చూసి రమ్మంటె గోడ చూసొచ్చినవ్! గా బుద్ధుని గుడిల?"

"ఆడ గూడ గట్లనే అయింది. పాపం, నాది వేరే మతం, లోపలికి రాననుకున్నది. వంగి దండం పెట్టి నన్ను బెంచీ మీద కూసోబెట్టింది."

"బుద్ధుడే వచ్చి చెప్పినా మనోడికి బుద్ధి రాదు!" అని గంగాప్రసాద్ తొడ కొట్టుకున్నాడు.

"నవ్వుండ్రి," అన్నాడు సురేందర్. "ఆమె గైడని నాకు ఎర్కే. నా కాళ్ళకు ఎర్క లేదు. మన సైటుల ఎర్రజెండా దాటితె ఇంటికి మనిషి పోడు, పెట్టె పోతది. పొద్దుగాల్ల మీటింగుల రోజూ ఇదే గద చెప్పేది?"

ఆ మాటకి నవ్వులు కొంచెం తగ్గాయి. కానీ బుచ్చన్న కాక మొహం అప్పటికే వాడిపోయింది. ఆయన నవ్వనే లేదు.

"అయితె బిడ్డా," అన్నాడు మెల్లగా, "గంట గూడ కొట్టలే గదా?"

"కొట్టిన కాకా. గంట కొట్టనీకే గంట పట్టింది."

సురేందర్ చెప్పుకొచ్చాడు. దేవతల గుడి ముందు ఎర్రరంగు కమాను. దాని అవతల చేయి చాస్తే అందేంత దూరంలో తాడు. ఎర్రజెండా మళ్ళీ లేచింది. కాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. తాడు కళ్ళెదుట ఊగుతుంటే, కాక మాట చెవిలో ఊగుతోంది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆ సమయానికి రాలేదు. ఫోన్ తీసి, పసుపు జాకెట్ వేసుకుని రెండు జెండాలతో గేటు దగ్గర నిలబడ్డ తన ఫొటో చూపించాడు. గైడమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. నడుం దాకా వంగింది. మెడలో ఉన్న పచ్చరుమాలు విప్పి జెండా మీద కప్పి, దారి చూపించింది.

"పోయి తాడు గుంజిన. మన గుడి గంట లెక్క ఖంగుమనలే కాకా, డబ్బాల గులకరాళ్ళేసి ఊపినట్టు గలగలమన్నది. గంగాబాయి అని గట్టిగ చెప్పిన. ఆళ్ళ లెక్కనే చప్పట్లు గూడ కొట్టిన. పొయ్యేటప్పుడు ఆ జెండా, ఆ రుమాలు నాకే ఇచ్చేసింది."

 బుచ్చన్న కాకకి నమ్మాలని ఉంది, నమ్మకం చిక్కడం లేదు.

"మంచిగ అల్లినవన్నా!" అన్నాడు గంగాప్రసాద్ గుమ్మం దాటుతూ. "గైడు జెండాకు ఎవడన్నా ఆగుతడా? నువ్వు బస్సుల పండుకున్నవ్, గంతే. కూసోండ్రి, చాయ్ తెస్త. అవార్డు నీది సేఫ్టీ, నాది సేఫ్ టీ! చుక్క ఒలకనియ్య."

సురేందర్ లేచాడు. బ్యాగులోంచి చిన్న ఎర్రజెండా తీశాడు. వరండాలోకి వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డాడు. కాసేపటికి ఆ చివర కిచెన్‌లోంచి గంగాప్రసాద్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చాడు. వెనకాలే చేతులు కడుక్కుని మౌలాలి, వాళ్ళ వెనక తడిబట్టల బకెట్‌తో ఎవరో బెంగాలీ.

సురేందర్ అచ్చం ఆ గైడమ్మలాగే నవ్వుతూ జెండా పైకెత్తాడు. రెండో చేత్తో రండి రండి అని పిలిచాడు కూడా.

గంగాప్రసాద్ టక్కున ఆగాడు. లేచిన కాలు లేచినట్టే ఉంది. డ్రైవర్ కాబట్టి మౌలాలి ఇంకా బాగా బ్రేకేశాడు. బెంగాలీ బకెట్ కింద పెట్టి, ఏ క్రేన్ తిరుగుతోందో అని పైకి చూశాడు.

బుచ్చన్న కాక గుమ్మంలోంచి తల బయటపెట్టాడు. ఆ వరసని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు.

"ఏందిరా గంగాప్రసాద్, ఆగినవ్?"

"జెండా కాకా..." అని, నోట్లో మాట నోట్లోనే ఉండగా, గంగాప్రసాద్ తన కాలు వైపు చూసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఈసారి నవ్వు గదిలోంచి కాదు, వరండా మొత్తంలోంచి లేచింది. అందులో కాక నవ్వే అందరికంటే పెద్దది. నవ్వుతూనే జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి కలిపాడు.

"గంగా, ఆఁ, నేనే. కొట్టిండే, నిజంగ కొట్టిండు. మన గంట లెక్క గాదట, గలగలమన్నదట. నీ పేరు గట్టిగ చెప్పిండట... ఆఁ, దుబాయ్లనే, ఆ కొసకు. నువ్వు రంది పడకుండ పోయి ఆపరేషన్ చేపిచ్చుకో."

వరండాలో మాత్రం గంగాప్రసాద్ ఇంకా ఒంటికాలి మీదే ఉన్నాడు. పళ్ళెంలో గ్లాసులు గలగలమంటున్నాయి.

"సురేందరన్నా, నీ కాళ్ళు మొక్కుత, గా పచ్చరుమాలు యాడున్నదో తియ్యరాదే! చాయ్ సల్లారుతుంది!"

సురేందర్ తీరిగ్గా జేబులు వెతకడం మొదలుపెట్టాడు.