మంత్రిగారి ఎరుకకు మాత్రమే

మంత్రిగారి కళ్లకు ఆపరేషన్ అయి రెండు నెలలైంది. సభలో కళ్లజోడు పెట్టుకోవడం ఆయనకు నామోషీ. గులాబీ కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఒకసారి నా దగ్గర వాపోయారు. పాపం పెద్దాయన అనిపించి, ఇకనుంచి అన్నీ తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో టైపు చేయిద్దామని నేనే సలహా ఇచ్చాను.

మా శాఖలో నా పని ప్రశ్నల ఫైలు కట్టడం. సభ్యులు ముందుగా రాసి పంపిన ప్రశ్నకు జవాబు అచ్చులో ఉంటుంది. ఆ తర్వాత వాళ్లు లేచి అడిగే అనుబంధ ప్రశ్నలతోనే చిక్కు. ఏమేం అడగవచ్చో ఊహించి, దేనికి దానికి జవాబు రాసి, వరసగా పేర్చి దారం వేస్తాను. అన్నిటికీ వెనక గులాబీ కాగితం ఒకటి ఉంటుంది. అందులో ఉన్నది మంత్రిగారి ఎరుకకు మాత్రమే, పైకి చదివేది కాదు. దాన్ని కార్యదర్శిగారు తన గదిలోనే టైపు చేయించి, ఆఖరి నిమిషంలో తన చేత్తోనే ఫైలులో పెడతారు. ఆయన మాట ఎంత మెత్తనంటే, చాటుగా మేమంతా ఆయన్ని దూది అంటాం. ఈసారి ఆ కాగితం కూడా తెల్లదే.

ఆ రోజు ప్రశ్న మానసిక చికిత్స పొందుతున్నవారి గురించి. వారిని ఇళ్ల నుంచి సంరక్షణ కేంద్రాలకు తరలించడానికి చట్టం తెస్తున్నారా, తెస్తే కుటుంబాల అంగీకారం అడుగుతారా అన్నది. అడిగినాయన ఒకప్పటి బడిపంతులు. నా చెల్లెలి పేరు పదకొండేళ్లుగా ఆసుపత్రి రిజిస్టరులో ఉంది. నా భార్య పోయాక ఇంట్లో మేమిద్దరమే. "అంగీకారం లేనిదే ఎవరినీ కదిలించం" అనే జవాబు నేనే రాశాను. దూది దాంట్లో ఒక్క అక్షరం దిద్దలేదు. అందుకే అధికారుల గ్యాలరీలో ఆయన పక్కన నిశ్చింతగా కూర్చున్నాను.

మంత్రిగారు ఆ జవాబు చదివారు. సభ్యులు బల్లలు చరిచారు. ఆయన వేలు తడిచేసుకుని కాగితం తిప్పి, అదే గొంతుతో కొనసాగించారు.

"అధ్యక్షా, ఆసుపత్రుల నుంచి జాబితాలు అందాయి. మొదటి విడత తరలింపు వచ్చే ఒకటో తేదీన. బిల్లు ఆమోదం పొందేదాకా ఆగనక్కర్లేదు. కుటుంబాలకు ముందుగా తెలపరాదు. ఈ సంగతి సభలో చెప్పరాదు."

కూర్చున్నారు. మళ్లీ బల్లలు చరిచారు. మంత్రి కూర్చుంటే చరచడం అలవాటు. బడిపంతులుగారు తలొంచుకుని తన తర్వాతి ప్రశ్న ఏ కాగితంలో ఉందో వెతుక్కుంటున్నారు. ఆ వెనకది సభ్యుల క్వార్టర్ల మరమ్మతుల ప్రశ్న. దానికోసం అప్పటికే పదిమంది చేతులెత్తి ఉన్నారు. విలేకరుల వరస సగం ఖాళీ. అధ్యక్షులు గడియారం చూసి "తర్వాతి ప్రశ్న" అన్నారు.

కింద షార్ట్‌హ్యాండ్ రాసే ఆవిడ మాత్రం ఒక్క క్షణం కలం ఆపి తలెత్తారు.

దూది నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చారు. "చదివేశాడండీ మహానుభావుడు! చెప్పరాదన్న ముక్కతో సహా చెప్పేశాడు."

"నిజమేనా సార్ అది?"

"నాలుగు రోజులుంది ఇంకా. వినండి. ముసాయిదా నాలుగింటికి మీ బల్ల మీదికొస్తుంది కదా."

వస్తుంది. సభలో అన్న ప్రతి మాటా శాఖకు వస్తుంది, తడబాట్లు దిద్దడానికి. నా సంతకమయ్యాక ప్రెస్సుకు పోతుంది. ఒకసారి అచ్చయితే ఇక ఎవరూ కాదనలేరు.

"ఆ అయిదు వాక్యాలూ తడబాటు. కొట్టేసి సంతకం పెట్టండి." ఆయన గొంతు ఇంకాస్త తగ్గింది. "మీ చెల్లెలుగారు టైలరుకు కాజాలు కుడతారట కదా. చాలా నీటుగా కుడతారని విన్నాను. జాబితా మూడో పేజీలో ఉందండి పేరు. ఒక్క పేరు తీయించడం పెద్ద పనేం కాదు."

ఆయన అది బెదిరింపుగా అనలేదు. నాకు మేలు చేస్తున్నానని నిజంగానే అనుకుంటున్నారు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

నాలుగింటికి ముసాయిదా వచ్చింది. అయిదు వాక్యాలూ ఉన్నాయి. ఎర్ర పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, ఇంటికి ఫోన్ చేశాను.

"ఏంటన్నయ్యా, ఈ వేళప్పుడు? పొయ్యి మీద పాలు పొంగిపోయినట్టు కలొచ్చిందా?"

అంతా చెప్పాను.

"మూడో పేజీయా? పదకొండేళ్ల సీనియారిటీ నాది. మొదటి పేజీలో వెయ్యొద్దూ?"

"నవ్వకే తల్లీ."

"ఏడిస్తే పేజీ మారుస్తారా? సరే గానీ, మంగళవారం ఆసుపత్రి క్యూలో నాకు బెంచీ మీద చోటు ఆపిపెట్టే పోస్టుమాన్ భార్య ఉంటుందా అందులో?"

"ఉంటుంది."

"ఆ కవలపిల్లల తల్లి?"

"ఉండొచ్చు."

"అయితే పై మంగళవారం ఆ బెంచీ అంతా నాదే. కాళ్లు చాపుకుని పడుకోవచ్చు."

"నువ్వుంటావు కదే. నాకదే చాలు."

"అన్నయ్యా, లేనివాళ్ల గొంతులు వినపడతాయనే కదా నాకు మందులేస్తున్నారు? ఇంకొన్ని తగిలించకు. దాన్ని కొట్టెయ్యకు. నాలుగు రోజులుందన్నావుగా, వదినావాళ్ల అక్క ఊరు పోదాం. నువ్వు సంతకం పెట్టి రా."

ఒక్క గీతా గీయకుండా సంతకం పెట్టాను. కాగితాలు నేనే తీసుకెళ్లి షార్ట్‌హ్యాండ్ ఆవిడకు ఇచ్చాను. ఆవిడ చివరిదాకా చదివారు.

"దిద్దుబాట్లేవీ లేవే?"

"లేవమ్మా. ఆయన అన్నవే అవి."

"పొద్దున్నుంచీ నా చెవులే చెడ్డాయేమోనని హడలిపోయానండీ." మామూలుగా కార్యదర్శిగారి ముద్ర పడ్డాకే కట్ట ప్రెస్సుకు పోవాలి. ఆవిడ దాన్ని నేరుగా ప్రెస్సు సంచీలో వేసి తాడు బిగించారు. "ముద్ర మర్చిపోయానని రేపు తిట్లు తింటాలెండి. రిటైరవబోయేదాన్ని, అరగవా?"

మనసు తేలికై నా బల్ల దగ్గరికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. దూది.

"సంతకం అయిందా?"

"అయింది సార్."

"మంచిది. మీవాళ్ల సంగతి రాత్రికి మాట్లాడతాను. ఈ పొరపాటు మూలంగా పైవాళ్లు తొందరపడుతున్నారండి. ఒకటో తేదీదాకా ఆగరట. బండ్లు ఈ సాయంత్రమే బయల్దేరాయి."

ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

బస్సులో ఎవరో లేచి నాకు చోటిచ్చారు. నా మొహం అలా ఉండి ఉండాలి. మా వీధి మొదట్లో దిగేటప్పటికి ఇంకా వెలుతురు ఉంది. ఇంటికి తాళం. ఎదురు దుకాణంలోంచి టైలరు నన్ను చూసి బయటికొచ్చాడు.

"చెల్లెమ్మ కాజాల చొక్కాలు ఇచ్చేసి, సంచీ తీసుకుని గంట క్రితమే వెళ్లింది సార్. ఆసుపత్రి స్నేహితుల ఇళ్లకెళ్లి ఏదో కబురు చెప్పొస్తానంది. ఆరున్నరకల్లా వస్తానంది."

ఆరూ పది. బూడిదరంగు బండి ఒకటి మలుపు తిరిగి, ఇళ్ల నంబర్లు చూసుకుంటూ నెమ్మదిగా వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి మర్యాదగా అడిగాడు.

"ఈ ఇంట్లోవాళ్లు ఎప్పుడొస్తారండీ?"

"ఊరెళ్లారు" అన్నాను. "నేనూ వాళ్లకోసమే వచ్చి వెనక్కి పోతున్నా."

టైలరు నా వంక చూశాడు, బండి వంక చూశాడు. మెడలోని టేపు తీసి కుర్చీ మీద పడేసి, సైకిలెక్కి, చెల్లి రావలసిన రోడ్డువైపు గట్టిగా తొక్కుతూ పోయాడు.

డ్రైవరు చేతిలో కాగితం మరోసారి చూసుకున్నాడు.

"ఫర్వాలేదండీ, ఉంటాం" అని ఇంజను ఆపేశాడు.